పాలమూరు దారుల్లో గని కాగితాలు

దక్షిణాఫ్రికా బంగారు గనుల కంపెనీల పాత షేర్ పత్రాలు పాత నాణేలు, నోట్లు అమ్మేవాళ్ళ దగ్గర అప్పుడప్పుడు కనబడుతుంటాయి. నా దగ్గరున్నది అక్కడి ట్రాన్స్‌వాల్ ప్రాంతపు కంపెనీది. మూరెడు కాగితం. అంచు చుట్టూ సన్నటి లతల అల్లిక. నడిమధ్యన కంపెనీ పేరు వంపు తిరిగిన పెద్ద అక్షరాల్లో. ఒక పక్క ఇంగ్లీషు, ఇంకో పక్క ఫ్రెంచి. అడుగున వరసగా చిన్న చిన్న గళ్ళు. కంపెనీ లాభం పంచినప్పుడల్లా ఒక్కో గడి కత్తిరించి ఇచ్చి డబ్బు తీసుకునేవాళ్ళు. నా పత్రంలో పై వరసలు కత్తిరించి ఉన్నాయి, మిగతావి అలాగే ఉండిపోయాయి. వేలితో తడిమితే కంపెనీ ముద్ర ఇప్పటికీ ఉబ్బెత్తుగా తగులుతుంది. ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే షేరు కనుక యజమాని పేరు ఎక్కడా లేదు. గనిలోకి దిగినవాళ్ళ పేర్లు ఎలాగూ ఉండవు.

ఇలాంటివి పోగుచేసేవాళ్ళు యూరప్‌లో, అమెరికాలో, దక్షిణాఫ్రికాలో వేలమంది ఉన్నారు. సంఘాలున్నాయి, వేలం పాటలున్నాయి. అక్కడి గనుల ఆసాములు సెసిల్ రోడ్స్ సంతకమో, బార్నీ బర్నాటో సంతకమో ఉంటే ధర ఒక్కసారిగా పైకి పోతుంది. నేను మొదట్లో బొమ్మల అందం చూసే వీటి వెంట పడ్డాను. రానురాను చదవడం అలవాటైంది. ఒక షేర్ పత్రం, భూమి రాయించుకున్న ఒక ఒప్పంద పత్రం, ఒక కూలీల జాబితా. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుంటే గని కథ దాదాపు తెలిసిపోతుంది. డబ్బు ఎక్కడిది, భూమి ఎవరిది, చెమట ఎవరిది అన్నది బయటపడుతుంది. మొదటి రెండూ బజారులో దొరుకుతాయి. మూడోది దొరకదు. ఆ మూడోదాన్ని వెతుక్కుంటూ ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు తిరగాలనిపించింది. దక్షిణాఫ్రికా గనులకూ ఈ మెట్ట సీమకూ ఏం సంబంధమని ఇంట్లోవాళ్ళు అడిగారు. సంబంధం మహబూబ్‌నగర్ జిల్లా పేరులోనే ఉంది.

పాలమూరును మహబూబ్‌నగర్ చేసింది 1890లో. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు పెట్టారు. అంతకు నాలుగేళ్ళ ముందు, 1886 జనవరిలో, ఆయన ప్రభుత్వం వాట్సన్, స్టూవర్ట్ అనే ఇద్దరు ఆంగ్లేయులకు ఒక ఒప్పందం రాసిచ్చింది. రాజ్యమంతటా ఖనిజాలు వెతికి తవ్వుకునే హక్కు, 99 ఏళ్ళపాటు. పాలమూరు గుట్టలు, నల్లగొండ గుట్టలు, కృష్ణ ఒడ్డు, సింగరేణి బొగ్గు, రాయచూరు బంగారం అన్నీ అందులోకి వచ్చాయి. దాన్ని పట్టుకుని లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది. మూలధనం పది లక్షల పౌన్లు, ఒక్కోటి పది పౌన్ల చొప్పున లక్ష షేర్లు. అందులో 85,000 షేర్లు ఆ ఒప్పందం తెచ్చినవాళ్ళకే, పూర్తి సొమ్ము కట్టినట్టుగా రాసి ఇచ్చేశారు. నేల మీద గడ్డపార పడకముందే అంత సంపద కాగితం మీద తయారైంది.

ఈ వ్యవహారం నడిపింది నిజాం కొలువులో పెద్ద అధికారి అబ్దుల్ హక్. సర్దార్ దిలేర్ జంగ్ అని బిరుదు. కంపెనీ మీద గురి కుదిరిందని లోకానికి చూపడానికి నిజాం ప్రభుత్వమే లండన్ బజారులో షేర్లు కొనాలని ఏర్పాటైంది. అలా కొన్నవాటిలో ఎక్కువ భాగం అబ్దుల్ హక్ సొంత షేర్లే. సంగతి బయటపడి 1888లో బ్రిటిష్ పార్లమెంటు విచారణ కమిటీ వేసింది. అబ్దుల్ హక్ పదవి పోయింది. ఆ కమిటీ ముందు పెట్టిన ఒప్పందాలు, ఉత్తరాలు, సాక్ష్యాలు అచ్చయి ఉన్నాయి. మన నేల గురించి అంత వివరంగా రాసుకున్న వ్యాపార పత్రాలు ఆ కాలానివి చాలా తక్కువ. వాటిలో పాలమూరు రైతు గొంతు గానీ నల్లగొండ కూలీ గొంతు గానీ ఎక్కడా వినబడదు.

అదే 1888లో ఆఫ్రికాలో ఏం జరుగుతున్నదో చూడండి. మార్చిలో కింబర్లీ వజ్రాల గనులను కలిపేసి రోడ్స్ డిబీర్స్ కన్సాలిడేటెడ్ కంపెనీ పెట్టాడు. అక్టోబరు 30న అతని మనుషులు, చార్లెస్ రడ్ నాయకత్వంలో, ఇప్పటి జింబాబ్వేలో ఉన్న మటబెలె రాజ్యానికి పోయి రాజు లోబెంగులా చేత ఒక పత్రం మీద గుర్తు వేయించుకున్నారు. నెలకు వంద పౌన్లు, వెయ్యి తుపాకులు, లక్ష తూటాలు, జాంబెజి నది మీద తిరగడానికి ఒక పొగ ఓడ ఇస్తామన్నారు. బదులుగా రాజ్యంలోని ఖనిజాలన్నీ వాళ్ళవి. పదిమంది తెల్లవాళ్ళకు మించి రారని రాజుకు నోటిమాటగా చెప్పారు. ఆ మాట కాగితంలో లేదు. రాజుకు చదువు రాదు. మోసం తెలిశాక ఆయన విక్టోరియా రాణికి దూతలను పంపాడు, పత్రం చెల్లదన్నాడు. ఎవరూ వినలేదు. ఆరేళ్ళలో రాజ్యం పోయింది, ఆయనా పోయాడు. హైదరాబాదుకు మేలు జరిగిందంటే ఇక్కడ చదవడం తెలిసిన దివాణం ఒకటి ఉంది, లెక్క అడిగేవాళ్ళు కొందరున్నారు. దక్కన్ కంపెనీ కాగితాలు ముందుంచుకుని రడ్ పత్రం చదివినప్పుడల్లా నాకు ఈ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

హైదరాబాదు నుంచి బెంగుళూరు రోడ్డు మీద మొదటి మజిలీ షాద్‌నగర్. అక్కడికి దగ్గర్లోనే ఎలికట్ట ఉంది. చుట్టూ పలుగురాయి దొరికే నేల. ఆ తెల్లరాయిని మెత్తటి పిండిగా కొట్టే మిల్లులో ఈ ఊరివాళ్ళు పనిచేశారు. రాతిపిండి ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ వచ్చింది. దగ్గు, ఆయాసం, బక్కచిక్కిపోవడం, టీబీ అనుకుని మందులు మింగడం, చివరికి చావు. వయసులో ఉన్న మగవాళ్ళు ఒకరి వెనక ఒకరు పోయారు. ఊరి మొదట్లో చెట్టు కింద కూర్చున్న ఒక పెద్దమ్మ నా సంచీలో కాగితాలు చూసి, ఏ ఆఫీసునుంచి వచ్చిండ్రు సార్ అని అడిగింది. ఏ ఆఫీసూ కాదు, పాత కాగితాలు చూసేవాణ్ని అన్నాను. "మా కొడుకు ఆడ పనిజేసినట్టు కాయితం తెమ్మన్నరు సార్. గా మిల్లోల్లు చేతిల పైసలు వెట్టిండ్రు గానీ కాయితం యాడిచ్చిండ్రు?" అంది. ఇంకేం మాట్లాడలేదు.

ఆమె మాటకు దక్షిణాఫ్రికాలో జవాబు దొరికింది. అక్కడి బంగారు గనుల్లో దిగినవాళ్ళనూ ఇదే జబ్బు చంపింది. గని యజమానులు కూలీలను చేర్చుకోవడానికి ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే పెద్ద సంస్థలు పెట్టారు. మొజాంబిక్ నుంచి, లెసోతో నుంచి, మలావి నుంచి మనుషులను పోగుచేసి రైళ్ళలో తెచ్చేవాళ్ళు. ఆ సంస్థలే తర్వాత టెబా అనే పేరుతో ఒకటయ్యాయి. మనిషి పేరు, ఊరు, తెగ, సర్దారు పేరు, ఏ గని, ఎన్ని నెలలు, అంతా రాసిపెట్టుకున్నారు. కూలీ మేలు కోరి రాసింది కాదు. పారిపోతే పట్టుకోవడానికి, మళ్ళీ పిలిపించుకోవడానికి రాసుకున్నారు. ఆ రికార్డుల్లో చాలా భాగం ఇప్పుడు జొహన్నెస్‌బర్గ్ విశ్వవిద్యాలయం దగ్గర ఉంది. గని కార్మికులు సిలికోసిస్ మీద కోర్టుకెక్కి, 2019 జులైలో కోర్టు ఆమోదించిన 500 కోట్ల రాండ్ల ఒప్పందం సాధించుకున్నారు. నష్టపరిహారం అందాలంటే ఫలానావాడు ఫలానా గనిలో పనిచేశాడని తేలాలి. పాత చేరిక రికార్డులు అక్కడ పనికొచ్చాయి. మనిషిని కట్టేసిన కాగితమే వాడి భార్యాబిడ్డలకు ఆధారమైంది. ఎలికట్టలో అలాంటి కాగితం ఒక్కటుంటే ఎంత తేడా వచ్చేదో ఊహించుకోండి.

జడ్చర్ల దాటి మహబూబ్‌నగర్, దేవరకద్ర, మరికల్. ఎర్రమట్టి, బండరాళ్ళు, ఆముదం, కంది, మధ్యమధ్యన ఎండిన కుంటలు. ఈ దారిలో నన్ను బాగా లాగినవి నారాయణపేట దగ్గరి కోటకొండ, మద్దూరు పొలాలు. పై చూపుకు అక్కడ చూడడానికి ఏమీ లేదు. పొలం గట్టు పక్కన నేల కాస్త పసుపు పచ్చగా, సున్నపు గడ్డలు కలిసి ఉంటుంది. ఒక చోట బావి తవ్విన మట్టిలో ఆకుపచ్చ, నీలం కలిసిన మొద్దుబారిన రాయి ముక్కలున్నాయి. చేత్తో పట్టుకుని గట్టిగా నొక్కితే అంచు పొడిపొడిగా రాలింది. భూమికి నూట యాభై కిలోమీటర్ల కంటే లోతు నుంచి, వంద కోట్ల ఏళ్ళకు పైగా కిందట, ఉబికి వచ్చిన రాయి అది. కింబర్లైట్ అంటారు. కింబర్లీ పేరు మీదే 1880ల్లో హెన్రీ కార్విల్ లూయిస్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. కింబర్లీలోనూ పైన పసుపు పచ్చటి మట్టి, కింద నీలి రాయి. అక్కడ తోడుకుంటూ పోయి భూమికి పెద్ద గొయ్యి మిగిల్చారు. ఇక్కడ 1980ల్లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ ఈ రాయిని గుర్తించింది. ఇప్పటిదాకా గని తవ్వే పాటి వజ్రాలు దొరకలేదు. తర్వాత గద్వాల వైపు సిద్ధనపల్లి దగ్గరా ఇదే రాయి బయటపడింది. 2000 తర్వాత డిబీర్స్ వాళ్ళు కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అన్వేషణ పర్మిట్లు తీసుకుని తిరిగారు. 1888లో కింబర్లీలో పుట్టిన కంపెనీ అది.

పొలంలో కలుపు తీయిస్తున్న రైతు నా దగ్గరికొచ్చాడు. సర్వేవాళ్ళు వచ్చారా ఎప్పుడన్నా అని అడిగితే నవ్వాడు. "శానాసార్లొచ్చిండ్రన్నా. జీపులేస్కొని వచ్చి సంచుల మట్టి నింపుకపోయిండ్రు. నంబర్లేసిండ్రు సంచుల మీద. ఏం దొర్కింది, ఏం దొర్కలేదు అని మాకెవ్వలు జెప్పలే." సంచీ మీద నంబరు పడింది కాబట్టి ఎక్కడో ఒక ఫైలులో ఆ పొలం సర్వే నంబరు ఉంటుంది. దాని యజమానికి ఆ ఫైలు ఎప్పుడూ చేరదు. పరిశోధన పత్రికల్లో కోటకొండ రాయి గురించి ఎన్నో వ్యాసాలున్నాయి, ప్రపంచమంతటా చదువుతారు. కోటకొండ బడి పిల్లలకు ఆ ముచ్చట తెలుగులో రెండు పేజీలు రాసి ఇచ్చినవాళ్ళు లేరు. ఇది జరగాల్సిన పని.

నారాయణపేట చీరలు అందరికీ తెలుసు. నారాయణపేటకు, గద్వాలకు, వనపర్తికి ఒకప్పుడు సొంత టంకశాలలుండేవని ఇప్పుడు చాలామంది మరిచారు. అక్కడ కొట్టిన వెండి, రాగి నాణేలు పోగుచేసేవాళ్ళకు బాగా తెలుసు. వెండికి ముద్ర వేసే హక్కు ఉన్న సంస్థానాలు ఇవి. అందుకే దఫ్తరాలు కూడా ఉండేవి. మక్తల్, ఆత్మకూరు మీదుగా జూరాల ప్రాజెక్టు దాటి గద్వాల చేరాను. సోమనాద్రి కోటలో ఇప్పుడు కాలేజీ నడుస్తున్నది. బురుజుల మధ్య పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. కోట గోడల లోపల ఒకప్పుడు ఎన్ని కట్టల కాగితాలుండేవో అని ఆలోచిస్తూ ఆ గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. సంస్థానాలు 1948 తర్వాత కలిసిపోయినప్పుడు కాగితాలు ముక్కలైపోయాయి. కొన్ని ప్రభుత్వానికి చేరాయి, కొన్ని ఇళ్ళల్లో ఉండిపోయాయి, కొన్ని పొట్లాలు కట్టడానికి వెళ్ళిపోయాయి.

వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్ ఉంది. ఆ ఇంటి వారసుడు జె. రామేశ్వర రావుది ఆఫ్రికాతో సూటి సంబంధం. 1950ల్లో ఆయన నైరోబీలోనూ, ఘనాకు స్వాతంత్ర్యం రాకముందు అక్రాలోనూ భారత ప్రభుత్వ ప్రతినిధిగా పనిచేశాడు. తిరిగొచ్చి 1957లో మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకు గెలిచాడు. తర్వాత ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థను నడిపాడు. వలస రాజ్యం ముగుస్తున్న ఆఫ్రికాను కళ్ళారా చూసిన పాలమూరు మనిషి. ఆయన ఆఫ్రికా ఏళ్ళ గురించి తెలుగులో వివరంగా రాసిన పుస్తకం ఉంటే ఎంత బాగుండేదో.

మహబూబ్ అలీ ఖాన్ సంగతి ఇంకొకటి ఇక్కడే చెప్పుకోవాలి. కోహినూరు పుట్టిందని చెప్పే కృష్ణా లోయలో ఒక భాగానికి పాలకుడైన ఆయన 1891లో దక్షిణాఫ్రికా వజ్రాన్ని బేరమాడాడు. సిమ్లా వర్తకుడు జేకబ్ తెప్పించిన రాయి అది. బయానాగా 23 లక్షల రూపాయలు కట్టి, తర్వాత వద్దనుకోవడంతో గొడవ కలకత్తా హైకోర్టు దాకా పోయింది. చివరికి రాయి నిజాందే అయింది. 184.75 కారట్లు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని బల్ల మీద కాగితాలు ఎగరకుండా పెట్టుకున్నాడని ప్రసిద్ధి. 1995లో నిజాం నగలన్నిటితో కలిపి 218 కోట్లకు భారత ప్రభుత్వం కొన్నది. అంటే 1891 నాటికే గోల్కొండ గనులు ఖాళీ అయ్యాయి, కింబర్లీ నిండింది. కోహినూరు దొరికిందని చెప్పే పాత కొల్లూరు గనులు ఇప్పుడు పులిచింతల జలాశయం అడుగున ఉన్నాయి. నల్లగొండ వైపు ఊళ్ళూ ఆ నీళ్ళలోనే మునిగాయి.

నేను వెతికిన మూడో కాగితం, కూలీల జాబితా, వనపర్తి, నాగర్‌కర్నూల్ మధ్య ఒక ఊళ్ళో కనబడింది. పాలమూరు లేబర్ అంటే దేశమంతటా తెలుసు. నాగార్జునసాగర్ దగ్గర్నుంచి ఎన్నెన్నో ఆనకట్టలు, కాలువలు, రోడ్లు వీళ్ళ చేతుల మీద లేచాయి. ఊరి నుంచి మనుషులను తీసుకుపోయేది గుంపు మేస్త్రీ. పనికి పోయేముందు బయానా ఇస్తాడు. పనికాడ వారం వారం తిండికి ఖర్చీ ఇస్తాడు. ఏడాది చివర లెక్క చూస్తాడు. ఆ ఊళ్ళో నేను కలిసిన పెద్దాయన ముప్పై ఏళ్ళు మేస్త్రీగా తిరిగి ఇంటిపట్టున ఉన్నాడు. ఇనుప పెట్టెలోంచి ఒక నోటుబుక్కు తీశాడు. అట్ట ఊడి దారంతో కుట్టి ఉంది. పేజీకి ఒక జంట. పని ఇచ్చేది ఒక్క మగవాడికి కాదు, మొగుడూ పెళ్ళాం కలిపి ఒక జంట అని లెక్క. పైన పేర్లు, ఊరు. కింద బయానా ఎంత, ఏ రోజు. తర్వాత గీతలు, వారానికొక గీత, ఖర్చీ. మధ్యలో నా అని అక్షరం ఉన్న చోటల్లా నాగా, పనికి రాని రోజు. పేజీ అడుగున ఊదా సిరా వేలిముద్రలు రెండు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది.

ఒక పేజీలో చిన్న వేలిముద్ర పక్కన ఏదో రాసి కొట్టేసి ఉంది. ఏంటిదని అడిగాను. "ఆమె ఆడనే పోయింది సార్. కాన్పయితాంటే. ఆమె లెక్క ఆయనకే గట్టించిన" అన్నాడు. కాసేపాగి, "గీ బుక్కు పారేద్దమని మా పిలగాండ్లంటరు. నాకు మనసొప్పుతలేదు. గిండ్ల ఉన్నోల్లు సగంమంది పోయిండ్రు" అన్నాడు. నేను కొంటానని అడగలేదు. అది కొని తెచ్చుకునే వస్తువు కాదు. ఫోనుతో పేజీ పేజీ ఫొటో తీసుకుంటానంటే సరేనన్నాడు. తీసినవన్నీ వాళ్ళ మనవడి ఫోనుకే పంపి వచ్చాను.

ఆ పుస్తకం చూస్తుంటే నాకు దక్షిణాఫ్రికాలోని నటాల్ జాబితాలు గుర్తొచ్చాయి. మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా 1,52,184 మందిని ఒప్పంద కూలీలుగా నటాల్‌కు తీసుకుపోయారు. ఎక్కువమంది మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్ళు, వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. చెరకు తోటల్లోనే కాదు, న్యూకాసిల్, డండీ బొగ్గు గనుల్లోనూ పనిచేశారు. 1913లో గాంధీ నడిపిన సమ్మె న్యూకాసిల్ బొగ్గు గనుల్లోనే అంటుకుంది. ప్రతి ఓడకూ జాబితా ఉంది. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది గుర్తులు. ఆ జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని భాష కాపాడుకున్న అక్కడి తెలుగువాళ్ళ మనవలు, ముని మనవలు ఈ జాబితాల్లో ముత్తాత నంబరు వెతికి, ఊరి పేరు పట్టుకుని తెలుగు జిల్లాలకు వస్తున్నారు. వలసపాలకుడు తన అవసరానికి రాసుకున్న రెండు వరసలతో ఒక కుటుంబానికి ఊరు దొరుకుతున్నది. పాలమూరు నుంచి బొంబాయికి, సూరత్‌కు, పుణెకు పోయినవాళ్ళ మనవలు రేపు వెతికితే ఏం దొరుకుతుంది?

1979లో కేంద్రం రాష్ట్రాంతర వలస కార్మికుల చట్టం చేసింది. కంట్రాక్టరు ప్రతి కూలీకీ ఫొటో అంటించిన పాసుబుక్కు ఇవ్వాలని అందులో ఉండేది. పని ఎక్కడ, ఎన్నాళ్ళు, కూలి ఎంత, మినహాయింపు ఎంత అన్నీ రాయాల్సి ఉండేది. మేస్త్రీని అడిగాను, అలాంటి బుక్కు ఎప్పుడన్నా చూశారా అని. తల అడ్డంగా ఊపాడు. నా ట్రాన్స్‌వాల్ పత్రం తీసి చూపించాను. అటూ ఇటూ తిప్పి, ముద్ర తడిమి, "మస్తుగుంది సార్. గిండ్ల పనోల్ల పేర్లు లేవా?" అన్నాడు. పెద్ద పెద్ద వేలం పాటల్లో ఎవరూ అడగని ప్రశ్న అది.

నాగర్‌కర్నూల్, అచ్చంపేట మీదుగా డిండి దాటి దేవరకొండ వైపు దిగాను. కుడిపక్క నల్లమల నీలంగా పరుచుకుని ఉంటుంది. ఈ అంచున లంబాపూర్, పెద్దగట్టు ఊళ్ళున్నాయి. ఇక్కడ యురేనియం దొరికింది. నాగార్జునసాగర్ జలాశయానికి అంత దగ్గర్లో గని ఏమిటని 2003లో ప్రజాభిప్రాయ సేకరణ నాడు జనం ఎదురు తిరిగారు. గని రాలేదు. 2019 సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. ఈ పోరాటాల కరపత్రాలు, అభ్యంతర పత్రాలు, ఊరి తీర్మానాలు కూడా గని కాగితాలే. 1886లో మన గుట్టలన్నీ రాసిచ్చినప్పుడు మనల్ని ఎవరూ అడగలేదు. ఇప్పుడు వద్దని రాసి వేలిముద్ర వేసి ఇచ్చారు. నా దృష్టిలో ఇవి రోడ్స్ సంతకమున్న పత్రం కంటే విలువైనవి. ఒక తండాలో ఇలాంటి తీర్మానం కాపీ గోడకు మేకు కొట్టి తగిలించి ఉంది. ఇంకొక వానాకాలం దాటుతుందో లేదో.

నల్లగొండ చేరేసరికి పొద్దు వాలింది. ఈ ఊరికి కాగితం విలువ తెలుసు. 1922లో షబ్నవీసు వెంకట రామ నరసింహారావు ఇక్కణ్నుంచే నీలగిరి పత్రిక నడిపాడు. వలిగొండలో పుట్టిన బి.ఎన్. శాస్త్రి ఊరూరూ తిరిగి రాతి మీది శాసనాలు నకలు తీసి, నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చరిత్రకు పునాది వేశాడు. ఆయన వెనక పెద్ద సంస్థ లేదు, పెద్ద డబ్బు లేదు. రాజులు చెక్కించిన రాళ్ళను ఆయన ఒక్కడే అంత కాపాడగలిగాడంటే, కూలీల కాగితాలను మనందరం కలిసి కాపాడలేమా?

దక్కన్ కంపెనీ ఏమైందో కూడా చెప్పాలి. వజ్రాలు, బంగారం అంటూ మొదలైనదానికి చివరికి బొగ్గే గట్టిగా నిలిచింది. 1920లో సింగరేణి కాలరీస్ పేరుతో కొత్తగా నమోదైంది. 1945లో నిజాం ప్రభుత్వం అందులో మెజారిటీ షేర్లు కొన్నది. లండన్ మోసంలో పుట్టిన కంపెనీ ఇవాళ మన ప్రభుత్వాలది. కాబట్టి దాని పాత కాగితాలు కూడా మనవే. పార్లమెంటు కమిటీ నివేదికలో మన నేలకు సంబంధించిన ముఖ్యమైన భాగాలు తెలుగులో రావాలి. హైదరాబాదు తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర పురాతన పత్రాల భాండాగారంలో మొఘలుల కాలం నాటి కాగితాల నుంచి నిజాం దఫ్తరాల దాకా ఉన్నాయి. ఎక్కువగా ఫార్సీ, ఉర్దూ. అవి చదవగల పిల్లలను మన విశ్వవిద్యాలయాలు తయారుచేయాలి. ఆ చదువు చదివినవాళ్ళకు ఉద్యోగం ఇవ్వాలి.

చదువరులకు ఒక్క మాట. మీ ఇంట్లో తాతల నాటి ట్రంకు పెట్టె ఉంటే, అటక మీద కట్టలుంటే, అమ్మేముందు ఒకసారి విప్పి చూడండి. గుంపు మేస్త్రీ లెక్కల బుక్కు, గని గేట్ పాసు, క్వారీ టోకెను, బొంబాయి నుంచి వచ్చిన మనియార్డరు రసీదు, పని కోసం వేలిముద్ర వేసిన ఒప్పందం, ఏదున్నా సరే. ముందు ఫొటోలు తీసి ఇద్దరి ముగ్గురి దగ్గర ఉంచండి. వెనకాల పెన్సిల్‌తో ఎవరిదో, ఏ ఊరో రాయండి. తర్వాత జిల్లా గ్రంథాలయానికో, దగ్గర్లోని కాలేజీ చరిత్ర శాఖకో, తార్నాక భాండాగారానికో చెప్పి, వాళ్ళు తీసుకుంటే రసీదు రాయించుకుని ఇవ్వండి. షేర్ పత్రాలకు కొనేవాళ్ళున్నారు, వాటికి మీ సాయం అక్కర్లేదు. మేస్త్రీ బుక్కుకు మీరు తప్ప ఎవరూ లేరు.